పదికీ పదిహేనుకీ మధ్య

రైలు ఆగింది. ఆగడం కొత్తేమీ కాదు, వారానికి నాలుగు రోజులు ఆగుతుంది, కానీ ఇవాళ ఒక్కరోజు ఆగకుండా పోతే దీని సొమ్మేం పోయింది అని పొద్దున పళ్ళు తోముకుంటూ అనుకున్నాను, అనుకోవడం వల్లే ఆగిందేమో. ఎనిమిదీ ముప్ఫై ఏడు. ఇక్కణ్ణుంచి లండన్ స్టేషన్ గాజుకప్పు కనిపిస్తుంది, రెండు నిమిషాల దారి, అయినా ఈ ఎర్ర సిగ్నల్ దగ్గర నా బతుకులో ఎన్ని గంటలు పోయాయో. కాలవ పక్కన ఆ ఇటుక ఇళ్ళ పెరటి వైపులు నాకు మా ఇంటికన్నా బాగా తెలుసు. మూడో ఇంటివాళ్ళు తలుపుకి మళ్ళీ రంగు వేయించారు, అయిదో ఇంట్లో పొద్దున్నే బట్టలారేసే ముసలావిడ రెండేళ్ళుగా కనబడటం లేదు, పోయి ఉంటుంది, నేనిక్కడే కూర్చుని ఉండగా పోయి ఉంటుంది. ఎనిమిదీ నలభైకి చేరాల్సిన రైలు ఇది. దిగి, మోకాలు ఏడుస్తున్నా సరే సగం దూరం పరుగెత్తి, సగం దూరం పెద్ద పెద్ద అంగలేసి, సరిగ్గా ఇరవై నిమిషాలకి ఆఫీసులో కుర్చీ మీద పడి హెడ్‌సెట్ తగిలించుకుంటే తొమ్మిది. అంటే రైలు ఎంత ఆలస్యమైతే నేనూ అంతే ఆలస్యం, ఒక్క నిమిషం ఎక్కువా లేదు తక్కువా లేదు, మేమిద్దరం కవలపిల్లలం.

పైన స్పీకరు గరగరలాడింది. గార్డు గొంతు సవరించుకుని, “అందరికీ ఒక మాటండీ, ముందు పట్టాల మీద హంస కూర్చుంది. దాన్ని తియ్యడానికి మనిషి వస్తున్నాడు. మీకు కలుగుతున్న అసౌకర్యానికి చింతిస్తున్నాం” అన్నాడు.

“హంసా?” అన్నాడు ఎదురుగా కూర్చున్న బాజ్. పరంజాలు కట్టే కంపెనీలో లెక్కలేసే మనిషి, మెడ లావు, నోరు ఇంకా లావు, ఆరేళ్ళుగా నా ఎదురు సీటు. “మొన్న ఆకులు, అటుమొన్న మంచు, ఇవాళ హంస. రేపు డ్రైవరు పిల్లి ఈనిందంటారు. దిగి హుష్ అంటే పోదా అది?”

“దాన్ని మనం ముట్టుకోకూడదు బాజ్, హంసలన్నీ రాజుగారి సొత్తు” అన్నాడు నా పక్కనున్న లెనర్డ్, కళ్ళజోడు తుడుచుకుంటూ. “నేర్చుకున్న మనిషే రావాలి. పాపం ఇందులో రైలువాళ్ళ తప్పేమీ లేదు.”

పాపమట. నాకు నవ్వొచ్చింది, నవ్వాను కూడా, ఎందుకంటే ఇవాళ లెనర్డ్ ఏమన్నా నవ్వుతాను, ఇవాళ ఆయన నా పాలిట దేవుడు. నా చేతిసంచిలో, టిఫిను డబ్బాకీ గొడుగుకీ మధ్య నలగకుండా నిలబెట్టిన ఆ గోధుమరంగు కవరు ఆయనిచ్చిందే, అందులో ఉంది నా ఉద్యోగం. తొమ్మిదికి నాకు విచారణ ఉంది. విచారణ అని మా మేనేజరు కిర్స్టీ అనదు, “కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం” అంటుంది, ముప్ఫై ఏళ్ళ పిల్ల, మంచి పిల్ల, బల్ల మీద గిన్నెలో పుదీనా బిళ్ళలు పెడుతుంది, మొదటి విచారణలో ఒకటి తిన్నాను, రెండోసారి తినలేదు. ఇది మూడోది, మూడోదే ఆఖరిది. బాయిలర్లు పాడైతే బాగుచేయించే బీమా కంపెనీ మాది, చలికాలం పొద్దున తొమ్మిదికి ఇంగ్లండులో సగం మంది వణుకుతూ ఫోను పట్టుకుని ఉంటారు, అందుకని తొమ్మిదికి మేం ఉండాలి. పది నిమిషాల దాకా క్షమిస్తారు. పది దాటితే పేరు రాస్తారు. మూడు నెలల్లో మూడుసార్లకి మించి పేరెక్కితే కాసేపు కూర్చుని మాట్లాడుకోవాలి. పద్దెనిమిదేళ్ళు చేశాను, ఈ మూడు నెలల్లో పదకొండుసార్లు పేరెక్కింది. రైలువల్లే అంటే కిర్స్టీ నమ్ముతుంది, నమ్ముతూనే తల పక్కకి వంచి, “రొవీనా, మిమ్మల్ని పంపించెయ్యడం నాకు సరదానా చెప్పండి? ఒక్క కాగితం చూపించండి, మిగతాది నేను చూసుకుంటాను” అంటుంది. అంతకుముందు రైలెక్కొచ్చుగా అని ఎవరైనా అడగొచ్చు, అడిగారు కూడా. టోబీని పగలు ఉండే సెంటరుకి తీసుకెళ్ళే చిన్న బస్సు ఏడుంబావుకి గానీ రాదు. మా తమ్ముడు టోబీకి నలభై రెండేళ్ళు, డౌన్ సిండ్రోముతో పుట్టాడు, వాడి షూ లేసులు కట్టి, వాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాకు చెయ్యి ఊపి, నేను తిరిగి ఊపి, వాడు ఇంకోసారి ఊపేదాకా నేను కదలకూడదు. కదిలితే వాడికి రోజంతా పాడవుతుంది. ఆ తర్వాత ఉన్నది ఏడూ నలభై ఒకటి రైలే.

ఎనిమిదీ నలభై. ఇక లెక్క మొదలైంది, ఇప్పుడు ఆలస్యం సున్నా, ఇప్పుడు ఒకటి. ఆఫీసుకి కావలసిన కాగితం రైలు కంపెనీ ఇచ్చే ఉత్తరం. రైలు పదిహేను నిమిషాలు, ఆపైన ఆలస్యమైతే నష్టపరిహారం ఇస్తారు, దానితో పాటు ‘మీ రైలు ఇన్ని నిమిషాలు ఆలస్యమైనది’ అని ఒక ఉత్తరం వస్తుంది, కారణం ఏదైనా సరే, ఆకులైనా హంసైనా అడగరు, ఆ మాటకొస్తే అక్కడ ధర్మంగానే ఉంటారు. పద్నాలుగైతే మాత్రం డబ్బూ లేదు ఉత్తరమూ లేదు. పద్నాలుగు నిమిషాల ఆలస్యం అనేది వాళ్ళ పుస్తకాల్లో జరగనే లేదు. నా పదకొండింటిలో నాలుగు పదిహేను దాటాయి, వాటికి ఉత్తరాలున్నాయి. మిగిలిన ఏడూ పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ఆఫీసు పది దగ్గర కత్తి పెట్టుకుని కూర్చుంది, రైలు పదిహేను దగ్గర తలుపు తెరుచుకుని కూర్చుంది, నేను ఆ నాలుగు నిమిషాల సందులో పడ్డాను, ముందు నుయ్యి వెనక గొయ్యి. ఏడుసార్లు పడ్డాను. ఫోనులో కనిపించే రైలు టైములు అచ్చేసి తీసుకెళ్తే చెల్లదన్నారు, సంతకం ఉండాలట, మనిషో కంపెనీయో ఎవరో ఒకరు తమ పేరు కింద చెప్పాలట.

డబ్బు సంగతి బాజ్‌ని అడగాలి, ఆరేళ్ళుగా అదే పాట. మాలాంటి వాళ్ళం ఏడాదికి సరిపడా సీజన్ టికెట్ ఒకేసారి కొంటాం, అయిదు వేల పైచిలుకు పౌండ్లు, నా మూడు నెలల జీతం. దాన్ని ఏడాదిలో ఎక్కామనుకునే రైళ్ళన్నిటితో భాగిస్తారు, సెలవుల్లో ఎక్కనివి ఎన్ని తీసెయ్యాలో కూడా వాళ్ళే అనుకుంటారు, వచ్చినదాంట్లో పావు వంతు చేతిలో పెడతారు, రెండు పౌండ్ల డెబ్బై అయిదు పెన్నీలు. ఏడాదికోసారి సరదాగా నాటకం చూడ్డానికి వచ్చి అదే పెట్టెలో అదే ఆలస్యానికి కూర్చున్న వాడికి దానికి దాదాపు రెట్టింపు. “రోజూ దెబ్బలు తినేవాడికి దెబ్బకింత తగ్గింపన్నమాట” అంటాడు బాజ్. వెళ్ళేటప్పుడు పద్నాలుగు, వచ్చేటప్పుడు పద్నాలుగు అయితే కలిపి ఇరవై ఎనిమిది కదా అని నేను ఒకసారి ఫోను చేసి అడిగాను. కలపరట. రెండు పద్నాలుగులు కలిపితే రెండు సున్నాలట. ఆ అబ్బాయి ఎంత మర్యాదగా చెప్పాడంటే నేను థాంక్స్ చెప్పి పెట్టేశాను, పెట్టేశాక అర్థమైంది దేనికి థాంక్స్ చెప్పానో. పోయిన ఏడాది పదిహేనులోపు ఆలస్యాలన్నీ కూడితే పగలూ రాత్రీ కలిపి రెండు రోజులు దాటాయి. రెండు రోజులు టోబీని తీసుకుని ఎక్కడికైనా వెళ్ళొచ్చు.

నాలుగు. కాలవలో ఇంకో హంస ఒక్కతే ఈదుతోంది, దాని జోడీయేనేమో పట్టాల మీదది. వచ్చెయ్యవే, నీ మొగుడు నీళ్ళలో ఎదురుచూస్తున్నాడు, నీ కాళ్ళు పట్టుకుంటాను. కదిలితే ఎనిమిదిలోపు కదలాలి, స్టేషనుకి రెండు నిమిషాలు, పదిలో పడిపోతాను. విచారణరోజు కూడా ఆలస్యంగా వస్తే ఇంక కాగితాలెందుకు, కిర్స్టీ పక్కన కూర్చునే ఆ ఉద్యోగుల వ్యవహారాలు చూసే పెద్దమనిషి గోడ గడియారం వైపు ఒక్కసారి చూస్తే చాలు. అయిదు. టోబీ ఈపాటికి వాళ్ళ సెంటర్లో మొక్కలకి నీళ్ళు పోస్తుంటాడు. సాయంత్రం నేను తలుపు తియ్యగానే “ఎంత?” అంటాడు. ఎలా ఉన్నావు, ఏం తెచ్చావు, ఇవేం లేవు, “ఎంత?” నేను పన్నెండు అంటే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి అయస్కాంతపు అంకెల్లో ఒకటీ రెండూ వెతికి, నిన్నటివి తీసి, ఇవాళ్టివి అంటిస్తాడు. తర్వాత నిటారుగా నిలబడి, ముక్కు రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని, అచ్చం ఆ స్పీకరులాగే, “మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం” అంటాడు. టీ ఒలికినా అదే, పాలసీసా పగిలినా అదే. అమ్మ పోయిన రోజు ఆస్పత్రి వరండాలో నేను ఏడుస్తుంటే వాడు కాసేపు చూసి, ముక్కు పట్టుకుని, అదే మాట అన్నాడు. నర్సు వాణ్ణి మందలించబోయింది. నేను నవ్వాను, ఏడుస్తూనే నవ్వాను, అంతకన్నా మంచి ఓదార్పు నాకు ఎవరూ చెప్పలేదు.

ఉద్యోగం పోతే అద్దె కట్టలేను, రెండు గదుల ఇల్లు పోతుంది. ఊరి కౌన్సిలు నుంచి వచ్చిన ఆవిడ పాపం ముందుగానే చెప్పింది, నాకొక్కదానికైతే ఎక్కడో ఒక గది చూస్తారట, టోబీకి వేరే ఏర్పాటట. సముద్రం ఒడ్డున టోబీలాంటి వాళ్ళని చూసుకునే హోమ్ ఒకటి‌, ఇక్కడికి రెండున్నర గంటలు, పోయిన నెల చూపించారు. శుభ్రంగానే ఉంది, కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, మంచం మీద నీలం దుప్పటి. టోబీ గదంతా నెమ్మదిగా చూశాడు, బీరువా వెనక కూడా చూశాడు, తర్వాత కౌన్సిలావిణ్ణి అడిగాడు, “ఫ్రిజ్ ఏది?” ఫ్రిజ్ కింద వంటింట్లో ఉంటుంది బాబూ, అందరికీ కలిపి ఒకటే అంది. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంటికొచ్చేదాకా వదల్లేదు. అందుకే, ఆ చెయ్యి కోసమే, ఈ కవరు నాకు ఇంత ముఖ్యం.

ఏడు. లెనర్డ్ చిన్న నోటుబుక్కు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఇంకా తెరవలేదు. చర్చి ఆఫీసులో పద్దులు రాసే మనిషి, అరవై తొమ్మిదేళ్ళు, మానెయ్యమన్నా మానడు, పంతొమ్మిదేళ్ళుగా ఈ రైలే. తొమ్మిదేళ్ళుగా ఆయన భుజం నా భుజానికి తగులుతూ ఉంటుంది. రోజూ చక్రాలు ఆగగానే గడియారం చూసి ఆ బుక్కులో ఏదో రాస్తాడు, పెన్సిలుతో, అందరూ లేచి తోసుకుంటుంటే ఆయన మాత్రం కూర్చుని రాసి మరీ లేస్తాడు. ఆలస్యం రాస్తాడని పెట్టెలో అందరికీ తెలుసు. ఏం రాస్తాడో ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు, పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూడటం అంటే పక్కవాడి పళ్ళెంలో చెయ్యి పెట్టడమే కదా, మేం అలా పెరగలేదు. పోయిన శుక్రవారం కిర్స్టీ రూలుపుస్తకం తిరగేసి, “ఇదిగో ఒకటుంది, మీతో ప్రయాణం చేసేవాళ్ళు ఎవరైనా రాసి సంతకం పెట్టినా చెల్లుతుందట, పాతకాలం రూలు, ఎవరూ వాడరు” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రమే లెనర్డ్‌ని అడిగాను, ఏడు తేదీలు రాసిచ్చాను. ఆయన చెవులదాకా ఎర్రబడి, “తప్పకుండా అమ్మా. నా బుక్కు ఒకరికి పనికొస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు” అన్నాడు. శనాదివారాలు కూర్చుని మంచి కాగితం మీద సిరాతో రాశాడట. ఈ పొద్దున ప్లాట్‌ఫారం మీద నా చేతిలో పెట్టాడు. ఆయన ముందే విప్పి చదివితే నమ్మకం లేనట్టు ఉంటుందని విప్పకుండా సంచిలో పెట్టుకున్నాను.

ఎనిమిది. సిగ్నల్ ఎరుపే. తొమ్మిది. ఇక పదిలోపు చేరడం దేవుడి వల్ల కూడా కాదు. ఎప్పుడూ ఈ క్షణం దగ్గరే నాలో ఏదో తిరగబడుతుంది, సిగ్గుగా కూడా ఉంటుంది చెప్పుకోవాలంటే. ఇంతసేపూ కదులు కదులు అని గుండె కొట్టుకుందా, ఇప్పుడు వద్దు, కదలకు, ఆగు, ఇంకాసేపు ఆగు అంటుంది. పది దాటిపోయాక పదిహేను దాటాలి. దాటితే ఇవాళ్టికైనా ఉత్తరం వస్తుంది. వారానికి నాలుగు రోజులు నా మనసు ఇలా పల్టీ కొడుతుంది, త్వరగా వెళ్ళాలనుకునే మనిషిని ఆలస్యం కోసం మొక్కేదాన్నిగా మార్చేశారు. బాజ్ అయితే పైకే మొక్కుతాడు. “కూర్చో తల్లీ, గుడ్లు పెట్టు, పొదుగు, నీకేం తొందర” అంటున్నాడు కిటికీకేసి. పెట్టెలో నలుగురైదుగురు కిసుక్కుమన్నారు. అందరూ సీజన్ టికెట్ వాళ్ళే, అందరి కళ్ళూ ఫోను గడియారాల మీదే, ఎవరి రెండు పౌండ్ల డెబ్బై అయిదు వాళ్ళకి. నాకు ఆ డబ్బు అక్కర్లేదు, ఎవరికైనా ఇచ్చేస్తాను, ఆ కాగితం కావాలి.

పది. ఊరికే కూర్చోలేక సంచి తెరిచాను. విప్పితే ఏమైంది, లోపలికి వెళ్ళేముందు ఒకసారి చూసుకోవాలి కదా, తేదీలు సరిగా ఉన్నాయో లేదో. లెనర్డ్ ఓరగా చూసి మళ్ళీ కాలవవైపు తిరిగాడు, బహుమతి విప్పుతుంటే చూడనట్టు నటించే మనిషిలా. దస్తూరి ముత్యాల్లా ఉంది. పైన నా పేరు, మిస్ రొవీనా పెకెట్. కింద గీతలు గీసిన పట్టిక. మొదటి తేదీ, ఎనిమిది నిమిషాలు. నేను తేదీ తప్పు చూశాననుకున్నాను. రెండోది, తొమ్మిది. మూడోది, ఏడు. తొమ్మిది, ఆరు, పది, ఎనిమిది. మళ్ళీ మొదటినుంచి చదివాను. ఏడింట్లో ఒక్కటి కూడా పది దాటలేదు. ఆ మొదటి తేదీ నాకు బాగా గుర్తు, పదమూడు, టోబీ ఒకటీ మూడూ అంటించాడు. కింద చిన్న అక్షరాల్లో ఉంది, ‘రైలు సంస్థ చేతిలో లేని కారణాలను మినహాయించడమైనది.’ ఆ కింద తేదీ, గుండ్రటి సంతకం.

“లెనర్డ్” అన్నాను, కాగితం ఆయనవైపు తిప్పి. “ఈ అంకెలు...”

“ఆఁ, అమ్మా.” మొహం వెలిగిపోయింది. “న్యాయంగా ఉండాలి కదా. ఆకులు రాలితే వాళ్ళేం చేస్తారు, మంచు పడితే వాళ్ళేం చేస్తారు. ఆ పన్నెండో తారీకున మూడో పెట్టెలో ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోయింది, గుర్తుందా, ఆ అయిదు నిమిషాలూ తీసేశాను. మా నాన్న సిగ్నల్ గదిలో ముప్ఫై ఏళ్ళు పని చేశాడు. తప్పు లేనిచోట తప్పు రాయకురా అనేవాడు.”

“తీసెయ్యకముందు అంకెలున్నాయా? అసలు ఎంతసేపు ఆలస్యమైందో అవి?”

“అవి రాయనమ్మా. మనసులోనే తీసేసి మిగిలిందే రాస్తాను.” అప్పుడు నా మొహం చూశాడు. చూసి, ఆ కాగితం చూసి, మళ్ళీ నా మొహం చూశాడు. ఆయన పెదాలు కదిలాయి, పది అని లెక్క పెట్టుకుంటున్నాడని తెలిసింది. పది దాటితేనే పేరు రాస్తారని శుక్రవారం నేనే చెప్పాను. “అయ్యో” అన్నాడు. “అయ్యయ్యో, రొవీనా.”

బాజ్ వంగి నా చేతిలోంచి కాగితం లాక్కుని చదివి, “ఓరి నాయనో” అన్నాడు. “పెద్దాయనా, ఈ కాగితం ప్రకారం రైలు మంచిదే, ఈవిడే దారిలో బజారు చేసుకుంటూ వెళ్ళిందన్నట్టుంది. పెన్ను తియ్యి. పదమూడు, పద్నాలుగు, పన్నెండు అని మార్చెయ్యి. ఎవడు చూడొచ్చాడు?”

లెనర్డ్ పెన్ను తీశాడు. నిజంగానే తీశాడు, మూత కూడా విప్పాడు. ఇప్పుడు దాచడం దేనికి, రాసెయ్యి రాసెయ్యి అని ఒళ్ళంతా అరుస్తోంది, నిజమే కదా, పదమూడు నిజం, ఎనిమిదే అబద్ధం, నువ్వు పంతొమ్మిదేళ్ళుగా న్యాయం పేరు చెప్పి రాసిందంతా అబద్ధమయ్యా. పెన్ను పాళీ కాగితానికి ఇంత దూరంలో ఆగిపోయింది. “ఏ రోజు ఎంత తీసేశానో నాకు గుర్తు లేదు” అన్నాడు మెల్లగా. “గుర్తులేని అంకె మీద సంతకం ఎలా పెట్టనమ్మా?”

“పరవాలేదు లెనర్డ్” అన్నాను. “అస్సలు పరవాలేదు. మీరు ఇంత శ్రమ తీసుకున్నారు, అదే చాలు.” మా అమ్మ నేర్పిన మాటలు, కాలు తొక్కినవాడికి కూడా మనమే సారీ చెప్పాలి. మంచికి పోతే చెడు ఎదురైందంటారే, అది నాకా ఆయనకా. తొమ్మిదేళ్ళు, భుజానికి భుజం, ఒక్కసారి తల ఈ పక్కకి తిప్పి ఆ బుక్కులోకి తొంగిచూసి ఉంటే, ఏమిటి లెనర్డ్ నిన్న పదమూడైతే మీరు ఎనిమిది రాశారేం అని నవ్వుతూ అడిగి ఉంటే. అప్పటినుంచైనా నేనే ఒక బుక్కు పెట్టుకుని, రోజూ ఎవరిచేతో సంతకం పెట్టించుకునేదాన్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. రైలు కంపెనీ కూడా ఇన్ని నిమిషాలు తీసెయ్యదు, అది ఎందుకు అని కారణం అడగదు, ఒక్క పదిహేను గీత గీసి ఊరుకుంది, మిగతాది మాలో మేమే తీసేసుకున్నాం, మర్యాదగా, ఒకరి పుస్తకం ఒకరు చూడకుండా. ఆయన మీద కోపం రావడం లేదు, రావాలి, వస్తే కొంచెం తేలికగా ఉండేది. కాగితం మడిచి కవర్లో పెట్టాను. ఇది తీసుకెళ్ళి కిర్స్టీకి ఇస్తే నన్ను పంపించడానికి వాళ్ళకి సాక్షిని నేనే తెచ్చినట్టు.

పన్నెండు. పెట్టె కుదుపుతో కదిలింది. “వద్దు వద్దు వద్దు” అన్నాడు బాజ్. పక్క పట్టాల మీద నారింజ రంగు కోటు మనిషి ఒకడు హంసని చంకలో పెట్టుకుని నడుస్తున్నాడు, దాని మెడ వాడి భుజం మీంచి వెనక్కి చూస్తోంది, ఏమీ పట్టనట్టు. “మెల్లగా పోనీ బాబూ, శవాన్ని తీసుకెళ్ళే కారులాగా పోనీ, నీకు పుణ్యం ఉంటుంది” అంటున్నాడు బాజ్ డ్రైవరుని ఉద్దేశించి, ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు, ముందు సీట్లవాళ్ళకి కూడా సంగతి అర్థమైనట్టుంది, నావైపు చూడకుండా చూస్తున్నారు. పదమూడు. అయిదో ఇల్లు వెళ్ళిపోయింది. వంతెన. గాజుకప్పు మా మీదికి వచ్చింది. ఇంకొక్క సిగ్నల్, ఇంకొక్క నిమిషం, ఎక్కడో ఒక తలుపు ఇరుక్కోవచ్చు, ఎవరికైనా కళ్ళు తిరగొచ్చు, నాకే తిరగొచ్చు, నేనే పడిపోతే, పడిపోయినా రైలు ఆగదు, ప్లాట్‌ఫారం వచ్చేసింది. చక్రాలు ఆగాయి. గడియారంలో ఎనిమిదీ యాభై నాలుగు.

పద్నాలుగు. పెట్టె అంతా ఒకేసారి ఉస్సురంది. “ఒక్క నిమిషం” అన్నాడు బాజ్, “ఒక్క నిమిషం కూర్చోలేకపోయింది వెధవ పక్షి.” లేచి, సంచి భుజానికేసుకుని, ఏదో అనబోయి, నా భుజం తట్టి దిగిపోయాడు. అందరూ తోసుకుంటూ వెళ్తున్నారు. లెనర్డ్ లేవలేదు. బుక్కు తెరిచి రాస్తున్నాడు, ఈసారి సిరాతో. రాసి, ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడనిది, ఆ పేజీని కుట్టు దగ్గర పట్టుకుని చింపాడు. నా చేతిలో పెట్టాడు. ఎనిమిదీ నలభై రైలు, చేరినది ఎనిమిదీ యాభై నాలుగు, ఆలస్యం పద్నాలుగు. కింద సంతకం. ఇంకేమీ లేదు.

“హంసని తియ్యలేదమ్మా” అన్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. “ఇవాళ ఏమీ తియ్యలేదు.”

“థాంక్యూ లెనర్డ్” అన్నాను, మనసారా అన్నాను. పదకొండుకి ఇవాళ్టిది పన్నెండు, దీనికి కాగితం ఉంది, ఆ ఏడింటికీ లేదు, ఒక్క నిజం అంకెతో నేనేం చేసుకోను. అయినా కవరు పక్కన జాగ్రత్తగా పెట్టుకున్నాను. గేటు దగ్గర ఎప్పుడూ ఉండే పంజాబీ పెద్దాయన, “ఏమ్మా, ఇవాళ పరుగు లేదే?” అన్నాడు. లేదన్నాను. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఈ దారిలో నింపాదిగా నడుస్తున్నాను, దారిలో ఒక రొట్టెల కొట్టు ఉందని ఇవాళే చూశాను. మోకాలు కూడా ఏమీ అనడం లేదు. తొమ్మిదీ పద్నాలుగో ఇరవైయో, కిర్స్టీ లేచి నిలబడి గిన్నె నావైపు జరుపుతుంది, ఈసారి ఒకటి తీసుకుంటాను, పాపం ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది. సాయంత్రం తలుపు తియ్యగానే టోబీ “ఎంత?” అంటాడు. పద్నాలుగు అంటాను. ఒకటి దొరుకుతుంది, నాలుగు కోసం వెతుక్కుంటాడు, అది మాటిమాటికీ ఫ్రిజ్ కిందకి పోతుంది. అంటించి, నిటారుగా నిలబడి, ముక్కు పట్టుకుని, వాడి తప్పేమీ లేకుండానే, ఆ మాట అంటాడు. అని, నేను నవ్వేదాకా అలాగే నిలబడతాడు. నవ్వుతాను. ఆ తర్వాత చెప్పాలి. చెప్పేముందు కౌన్సిలావిడకి ఒక ఫోను చెయ్యాలి, ఆ సముద్రం ఒడ్డు గదిలో చిన్న ఫ్రిజ్ ఒకటి పెట్టుకోనిస్తారేమో కనుక్కోవాలి, పని చెయ్యకపోయినా ఫరవాలేదు, తలుపు ఉంటే చాలు.